‘ఇతర ఖర్చులు’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ఇతర ఖర్చులు’ గారి సముఖానికి,

హన్మకొండ నుంచి ఒక నెలజీతగాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. మా ఇంట్లో ఎవరు చిక్కినా మీరు మాత్రం ఏ నెలా చిక్కలేదు.

దసరా సెలవుల్లో పిల్లలిద్దరికీ రెండు రోజులు హైదరాబాద్ చూపిద్దామనుకుంటున్నాం. సద్దుల బతుకమ్మ నాటికి ఇంటికి చేరాలన్నది మా ఆవిడ షరతు. ఎనిమిది వేలు దాటకూడదన్నది నాది. బాబు పాత లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి వరుసగా రాశాం: ప్రయాణం, బస, తిండి, టికెట్లు. అన్నిటికంటే కింద, పేజీ అయిపోయే చోట మీ పేరు రాసి ఎదురుగా ఐదు వందలు వేశాను. మీ స్థాయికి అది చిల్లర అని తెలుసు. ఈ ఒక్కసారికి అందులో సర్దుకొమ్మని అడగడానికే ఈ ఉత్తరం.

హైదరాబాద్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చూడాల్సినవి చవగ్గానే చూపిస్తుంది. 1591లో కట్టిన చార్మినార్ ఎక్కడానికి పెద్దవాళ్లకు 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు. గోల్కొండకూ అదే లెక్క. అంటే మా ఇంటిల్లిపాదికీ కలిపి కుతుబ్‌షాహీల ఖర్చు వంద రూపాయలు. ఆ వంద రూపాయల పనికి వెళ్లి తిరిగొచ్చేలోపు మీరు పద్దెనిమిది వందలు లాగేస్తారు. ఎలా లాగుతారో కూడా తెలుసు. చార్మినార్ చుట్టూ మీ మనుషులున్నారు. అందులో ఒకాయన సబ్బుబుడగల తుపాకీ పట్టుకుని, సరిగ్గా మా పాప ఎత్తుకు వంగి, ఒక్కసారి పేలుస్తాడు. తర్వాత ఆయన నోరు తెరవడు. మిగతా పనంతా పాప చూసుకుంటుంది. నూట యాభై అంటాడు, వందకు దించుతాను, బేరం గెలిచానని మురిసిపోతాను. చీకటి పడేలోపు సబ్బునీళ్లు అయిపోతాయి. తుపాకీని మాత్రం హన్మకొండ దాకా నేనే మోయాలి.

ప్రయాణం సంగతి చూడండి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మా ఆవిడకూ పాపకూ జీరో టికెట్, నాకు ఫుల్లు, బాబుకు హాఫ్. సూపర్ లగ్జరీలో అయితే కాళ్లు చాపుకోవచ్చు కదా అన్నాను. అందులో ఆడవాళ్లకు ఫ్రీ లేదు. ‘మేమిద్దరం ఎక్స్‌ప్రెస్‌లో వస్తాం, మీరిద్దరూ లగ్జరీలో రండి, ఉప్పల్‌లో కలుద్దాం’ అంది మా ఆవిడ. సరే, అందరికీ ఎక్స్‌ప్రెస్సే. మిగిలిన డబ్బును ‘ప్రయాణం’ వరుసలోంచి తీసి ‘టికెట్లు’ వరుసలో వేశాను. వేస్తుంటే మీరు నవ్వే ఉంటారు. ఎక్స్‌ప్రెస్ జనగామ బస్టాండులో ఆగుతుంది. ఆగగానే కిటికీలోంచి పల్లీలు, సమోసాలు, ఉడకబెట్టిన మక్క కంకులు లోపలికి తొంగిచూస్తాయి. జీరో టికెట్ మిగిల్చిందంతా ఆలేరు రాకముందే మీ ఖాతాలో జమ.

రోజులు కుదుర్చుకోవడం ఇంకో తలనొప్పి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం సెలవు, చౌమహల్లా ప్యాలెస్ సెలవు. సోమవారం జూ సెలవు. శని, ఆదివారాల్లో అన్నీ తెరిచే ఉంటాయి గానీ రాష్ట్రమంతా అక్కడే ఉంటుంది. అందుకని మంగళ, బుధవారాలు ఖాయం చేశాం. జూ మీద చర్చ ఇంకా నడుస్తోంది. మన హంటర్ రోడ్డులోనే జూ ఉంది కదరా అంటే ‘అది మన జూ నాన్నా’ అంటాడు బాబు. వాడి న్యాయం వాడిది. కానీ అక్కడ గేటు టికెట్ తర్వాత సఫారీకి వేరే, బొమ్మ రైలుకు వేరే, బ్యాటరీ బండికి వేరే. గేటు దాటేదాకానే నా నోట్‌బుక్ రాజ్యం, ఆపైన మీది. ఫిల్మ్ సిటీ బాధ మాత్రం తప్పింది. అది విజయవాడ రోడ్డు మీద ఉంది, మేం వచ్చేది వరంగల్ రోడ్డున. బోర్డు పిల్లల కంట పడదు.

ఇక బస. మీ నిజమైన ప్రతాపం ఇక్కడ చూశాను. నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జికి ఒక రాత్రికి పదిహేను వందలు అని రాసుకున్నాం. ఈ సంగతి మా అత్తగారి చెవిన పడింది. ‘సొంత పిన్ని బీరంగూడలో ఉండగా లాడ్జి ఏంటే, నలుగురు వింటే నవ్విపోరూ’ అని కూతురికి ఫోన్ చేశారు. పదిహేను వందలు కొట్టేసి సున్నా పెట్టాం. ఆ సున్నా మీద మీరెన్ని అంతస్తులు లేపారో మీకే తెలియాలి. వట్టి చేతులతో వెళ్లలేం కాబట్టి స్వీట్లు. అరకిలో చాలదా అన్నాను. మా ఆవిడ చూసిన చూపుకు కిలో అయింది. తర్వాత పళ్లు. రాత్రి ఇంట్లో ఉంచుకున్నందుకు రెండో రోజు మధ్యాహ్నం అందరికీ బిర్యానీ మనమే చెప్పించాలి. వాళ్లు ఐదుగురు, మేం నలుగురం. పిన్ని ఊరికే ఉండదు, బొట్టు పెట్టి మా ఆవిడ చేతిలో చీర పెడుతుంది. చీరకు బదులు జాకెట్ ముక్క సరిపోదట.

బయల్దేరేటప్పుడు పిల్లల చేతుల్లో డబ్బు పెట్టడం ఉంటుంది. వాళ్లకు ముగ్గురు, మాకు ఇద్దరు. తలా రెండు వందలు అనుకుంటే ఆరు వందలు ఇచ్చి నాలుగు వందలు పుచ్చుకుంటాం, నష్టం రెండు వందలతో పోతుంది. కానీ వాళ్ల పెద్దమ్మాయి బీటెక్ చదువుతోంది. బీటెక్ పిల్ల చేతిలో రెండు వందలు పెడితే మర్యాద కాదు, ఐదు వందలు పెట్టాలి. మా పిల్లల చేతికొచ్చిన నాలుగు వందలు నా బడ్జెట్‌లోకి రావు, అవి వాళ్ల స్వార్జితం.

పైగా బీరంగూడ నుంచి చార్మినార్ అంటే మియాపూర్ దాకా ఆటో, అక్కడ మెట్రో, ఎంజీబీఎస్‌లో దిగి మళ్లీ ఆటో. మెట్రో చార్మినార్ దాకా పోదు. ఆటోలో మీటర్ ఉంటుంది, తిరగదు. ఇవన్నీ కూడితే నాంపల్లిలో ఏసీ గది, పొద్దున టిఫిన్‌తో సహా వచ్చేది. ఈ కూడిక మా అత్తగారికి చూపించగల ధైర్యవంతులు ఎవరైనా ఉంటే దారిఖర్చులు నేనే ఇచ్చుకుంటాను.

నేనూ చేతులు ముడుచుకుని లేను. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంటగంటకూ చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బ, పన్నెండింటికి వెళ్తే పన్నెండు. టికెట్ ధర రెండింటికీ ఒకటే. అందుకని పన్నెండుకు ఐదు నిమిషాల ముందే నలుగురం దాని ముందు ఉండేలా ప్లాన్ వేశాను. బిర్లా మందిర్‌కైతే ఒక పూట మొత్తం రాసిచ్చాను. తెల్ల పాలరాయి అందం సరే, ప్రవేశం ఉచితం సరే, నన్ను పడగొట్టింది మాత్రం అక్కడి నియమం: లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మా పాపకు గుణింతాలు ఇంకా పూర్తిగా రాలేదు గానీ, ఏ దుకాణంలో క్యూఆర్ కోడ్ ఎక్కడ అంటించారో వీధిలోంచే చెప్తుంది. ‘స్కాన్ చెయ్ నాన్నా’ అన్న మాట వినబడని చోటు ఆ కొండ ఒక్కటే. రెండు రోజులూ అక్కడే ఉండిపోదును, మధ్యాహ్నం గుడి మూసేస్తారు.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గర మాత్రం గొడవ తెగలేదు. 18 మీటర్ల విగ్రహం ట్యాంక్‌బండ్ మీద నిలబడితే ఉచితంగా కనబడుతుందని నేను. పడవెక్కి వెళ్లి పాదాలు చూడాలని పాప.

గోల్కొండ గురించి మాత్రం మీతో విడిగా మాట్లాడాలి. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది. అది ఉచితం, పిల్లలు చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టుకోవచ్చు. సుమారు 360 మెట్లు, సగం ఎక్కకముందే నీళ్ల సీసా ఖాళీ. అది మీ వాటా, ఒప్పుకున్నాను. నా గురి రామదాసు చెర మీద ఉంది. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, భద్రాచలం ప్రాంతపు తహసీల్దారు. గోల్కొండ సుల్తాను తానాషా ఖజానాకు చేరాల్సిన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. సర్కారు పద్దులో ఆ వరుసే లేదు. అంటే మూడు వందల ఏళ్ల కిందటే మీరు ఒక తహసీల్దారును లోపల వేయించారన్నమాట. అయినా ఆయన మీ చాటున దాక్కోలేదు. ‘వగైరా’ అని ఒక్క ముక్క రాసి తప్పించుకోలేదు. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎంత పట్టిందో చెరలో కూర్చుని పాడి, బిల్లు నేరుగా రాముడికే పెట్టాడు. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానాషాకు బాకీ మొత్తం కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. నన్నడిగితే ఆ కథలో అసలు మహిమ రసీదుదే. మా ఇంట్లో పద్దు రాసేది నేను, తనిఖీ చేసేది మా ఆవిడ. ‘ఇతర ఖర్చులు 3,740’ అని రాస్తే, ‘అంటే ఏమేం?’ అంటుంది. సబ్బుబుడగల వాడి రసీదు ఎక్కడి నుంచి తేను? బాకీ కట్టడానికి మారువేషంలో ఎవరైనా వస్తారన్న ఆశ కూడా లేదు. మా వైపు బంధువులు మారువేషం లేకుండానే వస్తారు, భోజనం వేళకు.

కాబట్టి నా ఏర్పాటు వినండి. మీకు ఇచ్చే ఐదు వందలూ ఫోన్‌లో ఉండవు. బస్సెక్కే ముందే బాబుకు రెండు వందలు, పాపకు రెండు వందలు నోట్ల రూపంలో ఇచ్చేస్తాను. మిగిలిన వంద నీళ్లకు. మా పిల్లలు నా ఫోన్‌తో దానకర్ణులు గానీ సొంత నోటు తీయాలంటే షావుకార్లు. మొన్న వేయిస్తంభాల గుడి దగ్గర రంగుల చక్రం అడిగినప్పుడు, ‘నీ డబ్బుతో కొనుక్కో’ అన్నాను. బాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ప్లాస్టిక్ నాన్నా, రెండు రోజుల్లో విరిగిపోద్ది’ అని పెట్టేశాడు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తిండి కిందికి వస్తాయి, వాటి జోలికి మీరు రాకూడదు. పులిహోర డబ్బా ఇంటి నుంచే తెస్తున్నాం. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద కూర్చుని తింటాం. పిల్లలు తినకపోతే నేనే తింటాను, రెండు పూటలా.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ చిరకాల పోషకుడు

తా.క.: ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. పేజీ లాక్కుని మీ ఎదురుగా ఉన్న ఐదు వందలు కొట్టేసి రెండు వేలు వేసింది. దాని కింద ఇంకో గీత గీసి, పేరు రాసే చోటు ఖాళీగా వదిలి, వెయ్యి అని రాసింది. ఇదేంటంటే, ‘అది నాది, దానికి తనిఖీ లేదు’ అంది.