డిక్కీ మీద కన్నేసిన స్పాయిలర్ గారికి

మహారాజశ్రీ స్పాయిలర్ గారి దివ్య సముఖమునకు,

నల్లగొండ నుంచి కాంటెస్సా బావగారి బామ్మర్ది వ్రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. మీరు ఇంకా రాలేదు కాబట్టి.

కారు వెనక డిక్కీ మీద గాలికి అడ్డంగా బిగించే ముక్క మీరు, మిమ్మల్ని తన కారుకు పెట్టించాలని మా బావ పట్టు. మీరు ఏ అవతారంలో దిగుతారో మా ఇంట్లో ఇంకా తేలలేదు. కొద్దిగా పైకి లేచిన డక్‌టెయిల్‌గానా, డిక్కీ అంచును పట్టుకుని ఉండే సన్నటి లిప్‌గానా, రెండు కాళ్ల మీద నిలబడే పెద్ద వింగ్‌గానా అని బావ రోజూ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడు. పెళ్లిచూపులప్పుడు కూడా ఆయన ఇన్ని ఫొటోలు చూడలేదట. ఈ మాట మా అక్కది, నాది కాదు.

మీరు కాపురం చేయబోయే బండి గురించి ముందే చెప్పడం ధర్మం. తొంభైల నాటి తెల్ల కాంటెస్సా క్లాసిక్, ఏపీ 24 నంబరు, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ వాళ్లు 1970ల్లో అమ్మిన కారు బాడీని తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారు చేసిన బండి ఇది. నాలుగు తలుపులు, కాళ్లు చాపుకుని కూర్చునే వెనక సీటు, బత్తాయి బస్తాలు వేసినా ఇంకా చోటు మిగిలే డిక్కీ. బావ దీన్ని అందరికీ 'క్లాసిక్ స్పోర్ట్స్ కార్' అని పరిచయం చేస్తాడు. క్లాసిక్ అన్నది కంపెనీయే పేరులో పెట్టింది, ఒప్పుకుంటాను. స్పోర్ట్స్ అన్న ముక్క మాత్రం బావ సొంత కవిత్వం.

మీ వంశం గొప్పదే. 1972లో పోర్షె వాళ్లు 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 వెనక డక్‌టెయిల్ పెట్టారు. ఆ కారు వీపు వాలుగా ఉంటుంది. స్పీడ్ మీద ఉన్నప్పుడు గాలి ఆ వాలు మీదుగా జారుతూ వెనక భాగాన్ని పైకి లాగుతుంది. ఇంజిన్ వెనకే ఉన్న కారుకు వెనక టైర్ల పట్టు సడలితే ఇక దేవుడే దిక్కు. డక్‌టెయిల్ ఆ గాలికి అడ్డుపడి తేలడాన్ని తగ్గించింది. రేసుల్లో దించాలంటే 500 కార్లు తయారు చేయాలని రూలు. అన్ని అమ్ముడుపోతాయా అని కంపెనీలోనే అనుమానపడ్డారు, చివరికి 1,580 తయారయ్యాయి. 1998లో వచ్చిన ఆడి టీటీ సంగతి ఇంకోటి. అందం చెడిపోతుందని కాబోలు, వెనక నున్నగా వదిలేశారు. జర్మనీలో ఆటోబాన్ అనే హైవేల మీద ప్రమాదాలు జరిగాక, అమ్మిన కార్లను మళ్లీ పిలిపించి మరీ స్పాయిలర్లు బిగించారు. అలాంటి చోట మీకు రెండు చేతులా దండం.

కానీ మీ వంశంలో అందరూ కష్టజీవులు కారు కదా. లాంబోర్గిని కౌంటాష్ వెనక ఉండే ఆ వి ఆకారపు రెక్క ఉందే, అది పెడితే కారు టాప్ స్పీడ్ తగ్గుతుంది. తగ్గుతుందని తెలిసీ జనం డబ్బులిచ్చి పెట్టించుకున్నారు. 1973 బీఎండబ్ల్యూ 3.0 సీఎస్‌ఎల్ కథ వేరు. ఆ పెద్ద రెక్కతో రోడ్డెక్కడానికి జర్మనీ చట్టం ఒప్పుకోలేదు, అందుకని దాన్ని విడిగా డిక్కీలో పెట్టి అప్పజెప్పారు. డిక్కీ మీద కాదు, డిక్కీలో. ఈ పద్ధతి మా అక్కకు తెగ నచ్చింది. "గట్లనే తెచ్చుకోమను, లోపల్నే ఉంచుకోమను" అని అప్పటికప్పుడు పర్మిషన్ ఇచ్చేసింది.

ఇప్పుడు మీ ఉద్యోగం గురించి. గాలి మీకు జీతమిచ్చేది స్పీడును బట్టి కాదు, స్పీడును స్పీడుతోనే గుణిస్తే వచ్చే లెక్కను బట్టి. 120లో మీరు డిక్కీని 9 కిలోల బరువుతో ఒత్తుతారనుకుంటే, 40లో ఒత్తేది ఒక్క కిలో. బావ బండి తిరిగేదేమో గడియారం సెంటర్ నుంచి పానగల్లు దాకా, పెళ్లిళ్ల సీజన్లో మిర్యాలగూడ దాకా. సెంటర్లో ఆటోలు, తోపుడు బండ్లు, మధ్యమధ్యలో ఓ ధర్నా. అక్కడ ముల్లు 40 తాకితే ఆ రోజు పండగే. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కామే అనుకోండి, నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు లిమిట్ 100. ఆ వంద దగ్గర పడేసరికి డ్యాష్‌బోర్డు లోంచి వచ్చే చప్పుడు విని బావే కాలు తీసేస్తాడు. వెనక సీట్లో అత్తమ్మనూ మా నాయననూ కూర్చోబెడితే 120 కిలోల డౌన్‌ఫోర్స్, అంటే కిందికి ఒత్తే బలం. బండి ఆగి ఉన్నా పనిచేస్తుంది, పెయింట్ ఖర్చు కూడా లేదు.

మా జిల్లాలో మీకు నిజంగా పని దొరికే కాలం ఒకటుంది. వడ్ల కోతలప్పుడు పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. మీరు పైకి ఎగదోసే గాలికి తాలు ఎగిరిపోతే, రైతులకు తూర్పార పట్టే పని తప్పుతుంది. ఆలోచించుకోండి, దాంట్లో గౌరవం ఉంది.

మిమ్మల్ని ఎంచుకోవడం కూడా అంత సులువుగా లేదు. అసలు కార్బన్ ఫైబర్ ధర చూసి బావ ఫోన్ పక్కన పెట్టాడు. కార్బన్ డిజైన్ స్టిక్కర్ అంటించిన ప్లాస్టిక్‌ది కనబడితే మళ్లీ తీశాడు. అన్ని కార్లకూ సరిపోతుందని రాసిన లిప్ ఒకటి తెప్పించి డిక్కీ మీద పెట్టి చూశాం. ఇప్పటి కార్ల వంపు డిక్కీలకు చేసిన ముక్క అది, మా కాంటెస్సా అంచేమో బల్లపరుపు. రెండు చివరలు ఆనిస్తే మధ్యలో వేలు దూరేంత సందు. మధ్యలో ఒత్తితే చివరలు లేస్తున్నాయి. బావ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని, అక్కను నడుమ ఒత్తమన్నాం. అక్క చేసిన పని ఏంటంటే, రిటర్న్ ఎట్ల పెట్టాలో అడిగి తెలుసుకుంది.

ఆ తర్వాత డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు వెళ్లాం. అక్కడి అన్న మాట్లాడకుండా జేబులోంచి పాత స్పీకర్‌లో పీకిన అయస్కాంతం ముక్క తీసి డిక్కీ మూత నడిమధ్యలో పెట్టాడు. టక్కున పట్టుకుంది. దాన్ని మెల్లగా ఎడమవైపు అంచుకు జరుపుతూ పోయాడు. ఒక చోట పట్టు వదులైంది. ఇంకో బెత్తెడు జరిపేసరికి జారి బంపర్ మీద పడ్డది. "ఈడ రేకు ఏడుంది సార్, అంతా లప్పమే" అన్నాడు. ఏ పాత ఓనరో రివర్స్‌లో గోడకు గుద్ది, లప్పం పూసి, తెల్ల పెయింట్ కొట్టించి మాకు అంటగట్టాడు. లప్పం మీద డ్రిల్లు పెడితే పగులుతుంది. మంచి రేకు ఉన్నచోట పెడితే బెజ్జం అంచున పెయింట్ లేస్తుంది, నీళ్లు దిగుతాయి, తుప్పు మొదలవుతుంది. రబ్బరు వాషర్లు వేసి సిలికాన్ నింపితే కొన్నాళ్లు ఆగుతుందన్నాడు. డబుల్ సైడ్ టేపుతో బెజ్జం గొడవ ఉండదు గానీ, మే నెల నల్లగొండ ఎండ గురించి మీకెవరూ చెప్పినట్టు లేదు. లిప్‌కైతే టేపు నడుస్తుంది. వింగ్‌కు టేపు అనగానే ఆయన నవ్విన నవ్వు చూసి బావ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

వింగ్‌లో ఇంకో తిరకాసు ఉంది. మూత బరువెక్కితే ఎత్తినప్పుడు నిలబడదు, బత్తాయిలు తీస్తున్నవాడి వీపు మీద పడుతుంది. లోపలి అద్దంలో చూస్తే వెనకొచ్చే లారీ బదులు మీరే కనిపిస్తారు.

"అన్నా, ఏది పెడితే లుక్కొస్తది?" అని బావ.

"లుక్ కావాల్నా, బండి కావాల్నా సార్?" అని ఆయన.

బావకు ఇంకో కల కూడా ఉంది. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. మొట్టమొదటి కాంటెస్సాలకే ఆ యోగం 2034లో గానీ పట్టదు, మాది ఇంకా వెనక వరసలో ఉంది. అందులోనూ బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండొద్దు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి సుప్రీంకోర్టు కూడా 2019లో చెప్పింది. ఇదంతా నేను చదివి వినిపిస్తే బావ, "స్పాయిలర్ అంటే మార్పు గాదురా, నగ" అన్నాడు. "నగైతే బీరువాలో పెట్టు" అన్నది అక్క.

మీ రాక ఎలాగూ తప్పదంటే, నాదొక చిన్న కోరిక. వింగ్ వేషం మానుకోండి. ఫైబర్ పని చేసేవాళ్ల దగ్గర మా డిక్కీ అంచు మీదే అచ్చు తీయించుకుని, రెండు వేళ్ల ఎత్తు లిప్‌గా రండి. రంగు తెలుపు. టేపు మీదే నిలబడండి, మా రేకు జోలికి రావద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు కంపెనీయే ఇచ్చిందేమో అన్న అనుమానం రావాలి, అంతే.

అయితే ఈ రాజీ కూడా కుదిరేలా లేదు. మొన్న బావ కొత్త ముక్క ఒకటి చదివాడు. వెనక ఇరుసుకు అవతల మీరు కిందికి ఒత్తితే ముందు చక్రాల మీద బరువు కొంత తగ్గుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, అందుకని ముందు బంపర్ కింద ఎయిర్ డ్యామ్ అనే అడ్డుపలక ఒకటి పెట్టి సరిచేస్తారు. "అయితే ముంగట గూడ ఒకటి పెట్టాలె" అని నిర్ణయమైపోయింది. మా గల్లీలో స్పీడ్ బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్నవే, సిమెంటు మిగిలినంత ఎత్తు. మీ తమ్ముడిగారికి నేను ఉత్తరం రాయనక్కర లేదు, మలుపు దగ్గరి స్పీడ్ బ్రేకరే మాట్లాడుకుంటుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
డ్రిల్లు మిషన్ దాచిపెట్టిన బామ్మర్ది