ఫిన్ గోల్డ్ కప్ 1952లో కాదు, 1956లో మొదలైంది

ఒక్కరే నడిపే ఫిన్ అనే తెరచాప పడవల ప్రపంచ పోటీ ఫిన్ గోల్డ్ కప్. దాని గురించి ఒక వ్యాసం చదివాను; అందులో అది 1952లో మొదలైందని రాశారు. ఆ ఏడాది హెల్సింకీలో ఫిన్ పడవ ఒలింపిక్స్‌లోకి వచ్చింది, అంతే. కప్పు మొదటిసారి 1956లో, ఇంగ్లండ్‌లోని బర్నమ్-ఆన్-క్రౌచ్‌లో జరిగింది; బెల్జియం సెయిలర్ ఆంద్రే నెలిస్ గెలిచాడు. డెన్మార్క్ సెయిలర్ పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ 1958, 59లో గెలిచాడు.

బ్రెజిల్ సెయిలర్ యోర్గ్ బ్రూడర్‌ను ఒక్క వాక్యంలో దాటేశారు. 1970, 71, 72 వరుసగా అతనివే. చెక్క మాస్తులు (తెరచాప కట్టే స్తంభాలు) తయారు చేయడంలోనూ దిట్ట. 1973లో బ్రెస్ట్‌లో జరగాల్సిన పోటీకి వస్తూ పారిస్ దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఆ వ్యాసం అసలు వదిలేసింది లాంబొలే పరీక్ష, అంటే పడవలో బరువు ఎక్కడెక్కడ పరుచుకుందో తేల్చే పరీక్ష. కొందరు పడవ మొత్తం బరువు నిబంధన ప్రకారమే ఉంచి, ముందు వెనక కొసల్ని తేలిక చేసి, బరువంతా మధ్యకు చేర్చేవాళ్లు. అలాంటి పడవ అలల మీద తక్కువగా ఎగిరిపడుతుంది, వేగం నిలుస్తుంది. త్రాసు మీద పెడితే ఈ కిటుకు దొరకదు. అందుకే ఖాళీ పడవను గడియారం లోలకంలా వేలాడదీసి ఊపుతారు. వేర్వేరు ఎత్తుల్లో రెండుసార్లు ఊగే కాలం కొలిస్తే గరిమనాభి ఎక్కడుందో, బరువు ఎంత దూరం పరుచుకుని ఉందో లెక్క తేలుతుంది. కొలిచేటప్పుడు గాలి తగిలినా, లోపల కాస్త నీరు మిగిలినా లెక్క తప్పుతుంది.

గాలికి పడవ ఒరగకుండా ఆపడానికి సెయిలర్లు తడి స్వెటర్లు ఒకదానిపై ఒకటి తొడిగి ఒంటి బరువు పెంచుకున్న రోజుల సంగతీ రాయాల్సింది. వాటి దెబ్బ నడుముకీ మోకాళ్లకీ తెలుసు!