ఎవరు నలుపో తేల్చని బొమ్మల నవల గారికి

మహారాజశ్రీ నలుపు తెలుపు బొమ్మల నవల గారి సముఖమునకు,

చిక్కడపల్లిలో ఒక ఉమ్మడి ఇంటి వెనుక వాటాలో కాపురముంటున్న పాఠకుడు నమస్కరించి చేసుకొను విన్నపము. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని వ్రాయడం మన ఆనవాయితీ. కాని మా ఇంట్లో ఉభయులూ ఒకేసారి కుశలంగా ఉండడం నేనెరుగను కాబట్టి, ఆ మాట వదిలి నేరుగా విషయానికి వస్తున్నాను.

తమరు మా ఇంటికి విచ్చేసింది డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన నుండి. అక్కడ తమరు పంచతంత్రానికీ, రంగులు వేసుకునే పుస్తకాలకూ నడుమ, పిల్లల బల్ల మీద కూర్చుని ఉన్నారు. దుకాణంలోని కుర్రవాడిని తప్పు పట్టలేను. బొమ్మలున్నాయి కనుక పిల్లల పుస్తకమనీ, రంగులు లేవు కనుక పిల్లలే వేసుకోవాలనీ అతడు న్యాయంగానే తీర్మానించుకున్నాడు. అట్ట వెనుక మాత్రం, అన్నదమ్ముల వైరాన్ని అపూర్వమైన నిగ్రహంతో చిత్రించిన సాహిత్య కృతి అన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు అచ్చు వేసి ఉన్నాయి. అన్నదమ్ముల వైరమూ నిగ్రహమూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోవడం నా కంటబడింది అదే మొదలు కావడంతో, ధర చూసి ఒకసారి కిందపెట్టినా, మళ్లీ తీసి కొన్నాను.

నా ఫిర్యాదు ఒక్కటే. నలుపు తెలుపు అని చెప్పుకుంటూ వచ్చి, మూడు వందల పైచిలుకు పేజీలు నడిచి, ఇద్దరిలో ఎవరు నలుపో ఎవరు తెలుపో తమరు ఎక్కడా చెప్పలేదు. అన్న ముఖం మీద కిటికీ వెలుగు పడితే, మరుసటి పేజీలో అదే వెలుగు తమ్ముడి ముఖం మీదికి జరుగుతుంది. అన్నకు ఎడమ చెంప మీద నీడ, తమ్ముడికి కుడి చెంప మీద నీడ. తండ్రి ఆస్తిని పంచడానికి మూడు వందల పేజీలూ చాలని తమరు, వెలుగును మాత్రం మొదటి అధ్యాయంలోనే చెరి సగం పంచేశారు. ఇదేం పద్ధతి? మాది పల్నాటి వీరచరిత్ర విన్న జాతి. కురుక్షేత్రం పద్యనాటకంగా ఆడితే, తెర లేవక ముందే ఎవరి పక్షాన ఈల వేయాలో తెలిసిన జాతి. ఇంటిగుట్టు లంకకు చేటని విభీషణుడి మీద ఒక్క ముక్కలో తీర్పు చెప్పి, ఆ తీర్పు మీద అప్పీలు లేకుండా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. అలాంటి మా చేతికి ఇద్దరూ సగం సగం నల్లబడిన అన్నదమ్ములను ఇచ్చి, మీరే చూసుకోండి అంటే మేమేం చూసుకోగలం?

మా ఇంట్లో ఏం జరిగిందో మనవి చేస్తాను. మా తాతగారి ముగ్గురు సంతానంలో పెద్దనాన్న ముందు వాటాలోనూ, మా నాన్న వెనుక వాటాలోనూ, అత్తయ్య మలక్‌పేటలోనూ ఉంటారు. ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టే బిల్డరు తన వాటా సగం పోను మిగిలిన సగాన్ని ఎవరెవరు ఎలా పంచుకోవాలన్నది వివాదం. అందులోనూ తూర్పు ముఖం ఫ్లాటు ఎవరిదన్నది అసలు వివాదం. ఈ విషయంలో నేను పూర్తి నిష్పక్షపాతిని. మా నాన్న చెప్పేదంతా నిజమని ఎవరి బలవంతమూ లేకుండా నా అంతట నేనే నమ్ముతున్నాను. తమరిని ముందుగా వరండాలో కూర్చుని చదివింది పెద్దనాన్న. నలభై పేజీలు తిప్పి, ఈ చిన్నవాడి వాలకం అచ్చం మా తమ్ముడిదేనని ప్రకటించారు. తరువాత మా నాన్న చదివి, ఈ పెద్దవాడు నిలువెల్లా మా అన్నేనన్నారు. ఇద్దరికీ తమరిలో అవతలివాడు కనిపించాడు. తాను కనిపించినట్లు ఒక్కరూ ఒప్పుకోలేదు. అంతటితో ఆగితే బాగుండేది. ఇంటి సంగతులు ఇంత వివరంగా పుస్తకం వేసినవాళ్లకు ఎవరు చెప్పి ఉంటారన్న కొత్త అనుమానం రెండు వాటాల్లోనూ పుట్టి, ఇప్పుడు దాని మీద కూడా మాటలు లేవు.

మాటలు లేవంటే జ్ఞాపకం వచ్చింది. తమరి మౌనాన్ని పండితులు ఎంతో కొనియాడతారట. ఒకచోట ఆరు పేజీల పాటు ఎవరూ నోరు విప్పరు. పొయ్యి మీద గిన్నె, వాన, ఖాళీ కుర్చీ, మళ్లీ వాన. అది మౌనమా? అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడమంటే ఏమిటో మా వరండాకు వచ్చి చూడండి. పెద్దనాన్నా నాన్నా రెండడుగుల దూరంలో నిలబడి ఉంటారు. నేను మధ్యలో ఉంటాను. “నీళ్ల మోటారు ఆపమని ఆయనకు చెప్పు” అని పెద్దనాన్న నాతో అంటారు. ఆ మాట నాన్న చెవిన స్పష్టంగా పడుతుంది, కాని పడలేదు. నేను తల తిప్పి, “నాన్నా, మోటారు ఆపాలట” అంటాను. “ట్యాంకు ఇంకా నిండలేదని చెప్పు” అంటారు నాన్న. తమరి పద్ధతిలో మాట బుడగకు ఒక తోక ఉండి, అది మాట్లాడినవాడి నోటి వైపు చూపిస్తుంది. మా ఇంట్లో ఒక్కొక్క మాటకు రెండు బుడగలు గీయాలి, రెండింటి నడుమ నన్ను గీయాలి, నా ముఖంలో ఏ భావమూ లేకుండా గీయాలి. తమరి మౌనానికి బొమ్మ చాలు. మా మౌనానికి ఒక మనిషి కావాలి, వాడికి కాలేజీకి ఆలస్యమవుతున్నా సరే.

గడికీ గడికీ నడుమ తమరు వదిలే తెల్లని సందు గురించి కూడా గొప్పగా చెబుతారు. చెప్పని కథను పాఠకుడు అక్కడే తన మనసులో పూరించుకుంటాడని స్కాట్ మెక్లౌడ్ 1993లో ఒక పుస్తకం నిండా, అది కూడా బొమ్మలతోనే, వివరించారు. మా రెండు వాటాల నడుమ కూడా సరిగ్గా అలాంటి సందే ఒకటి ఉంది. అది ఎవరి కొలతలోకి వస్తుందో తేలలేదు కనుక రాత్రికి రాత్రి అందులోకి ఒక ఖాళీ సిలిండరు వస్తుంది, తెల్లవారేసరికి దాని పక్కన ఒక విరిగిన కూలరు వస్తుంది, శ్రావణమాసం చూసుకుని ఒక తులసికోట వస్తుంది. తులసికోటను జరపమని అడగలేరు కదా. తమరి సందులో పాఠకుడు ఊహించుకుంటాడు. మా సందులో ఊహకు చోటు లేదు.

ఇక ఆడపడుచు సంగతి. తమరి చెల్లెలు పుస్తకమంతా కిటికీ దగ్గర నిలబడి, గాజు మీద జారే చినుకులను చూస్తూ ఉంటుంది. విషాదానికి ప్రతీక కాబోలు. మా అత్తయ్య కిటికీ దగ్గర నిలబడితే, ఆ కిటికీ తన వాటాలోకి వస్తుందా రాదా అని చూడడానికే. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు కల్పిస్తూ నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసిన దగ్గరి నుండి, మా అత్తయ్య శుభలేఖ అలంకార వస్తువు కాకుండా పోయి దస్తావేజు అయింది. ఆమె పెళ్లి ఆ తేదీకి ముందా వెనకా అన్నది, పెళ్లికి వెళ్లి భోజనం చేసి వచ్చినవాళ్లు కూడా ఒకరికొకరు పొంతన లేకుండా చెప్పారు. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి, పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటా కూతుళ్లకు సమాన హక్కు ఇవ్వడంతో శుభలేఖ మళ్లీ బీరువా అడుగుకు చేరింది, అత్తయ్య మాత్రం ముందు గదిలోకి వచ్చారు. తమరిని చదివి ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: “ఈ పిల్ల ఇన్ని పేజీలు వాన చూసే బదులు, ఒక్క పూట మీసేవకు వెళ్లి ఈసీ తీయించుకోకూడదా?” నా దృష్టిలో తమరి మీద వచ్చిన విమర్శల్లో సాహిత్యపరంగా గట్టిది అదే.

తమరి వంశం గొప్పదని నాకు తెలియకపోలేదు. ఆర్ట్ స్పీగెల్‌మాన్ ‘మౌస్’ రెండు సంపుటాలనూ చదివాను. 1992లో పులిట్జర్ వారి ప్రత్యేక పురస్కారం పొందిన ఆ నలుపు తెలుపు పుస్తకంలో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. హిట్లరు కాలపు ఘోరం మధ్యలో, ఒక చిన్న దాయాది పోరు కూడా ఉంది. రచయిత పుట్టకముందే, యుద్ధ కాలంలో చనిపోయిన అన్న ఫోటో తల్లిదండ్రుల పడకగదిలో వేలాడుతూ ఉంటుంది. ఫోటో అల్లరి చేయదు, ఎదురు చెప్పదు, తండ్రిని నిరాశపరచదు. దానితో పోటీ పడి గెలవలేని తమ్ముడు ఈ కథ గీస్తున్నాడు. చివరి పేజీలో, అలసి నిద్రకు ఒరుగుతున్న తండ్రి ఎదురుగా ఉన్న కొడుకును చనిపోయిన కొడుకు పేరుతో పిలుస్తాడు. దీని మీద నాకు వ్యంగ్యం తోచడం లేదు. ఆ పుస్తకాన్ని ఆయన మామూలు కాగితం మీద, ఫౌంటెన్ పెన్నుతో, అచ్చులో కనిపించే పరిమాణంలోనే గీశారన్న సంగతి మాత్రం మా ఇంట్లో చెప్పి చూశాను. మా తాతగారి వీలునామా కూడా ఫౌంటెన్ పెన్నుతో వ్రాసినదే కావడంతో, ఆ సిరా ఏ సంవత్సరానిదో తేల్చవచ్చా అన్న వైపు చర్చ మళ్లింది.

మన దేశం సంగతికి వస్తే, మొదటి బొమ్మల నవలగా చెప్పుకునే ఓరిజిత్ సేన్ పుస్తకం 1994లో నర్మద ఆనకట్ట గురించి వచ్చింది. అదీ నలుపు తెలుపే. అందులో కనీసం ఆనకట్ట ఎవరు కడుతున్నారో, మునిగేది ఎవరి ఊరో తెలుస్తుంది. తమరి ఇంట్లో నీళ్లు నాలుగు వైపుల నుండీ వస్తాయి, మునిగేది అందరూ.

దాయాది పోరు మా ఊరికి కొత్త కాదని కూడా చెప్పాలి. 1543లో గోలకొండలో ముసలి సుల్తాన్ కులీ నమాజులో ఉండగా హత్యకు గురయ్యాడు. చేయించింది కొడుకు జంషీద్ అంటారు. వారసుడు కావలసిన అన్న కుతుబుద్దీన్ కళ్లు పోయాయి. చిన్నవాడు ఇబ్రహీం పారిపోయి విజయనగరం చేరి, అళియ రామరాయల నీడలో ఏడేళ్లు గడిపి, 1550లో తిరిగి వచ్చి గద్దె ఎక్కాడు. తెలుగు నేర్చాడు, తెలుగు కవులను పోషించాడు, వారి నోట మల్కిభరాముడయ్యాడు. 1565లో, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి దండెత్తిన సుల్తానుల సరసనే నిలబడ్డాడు. ఇప్పుడు ఈ ఇబ్రహీంకు ఏ రంగు వేయాలి? రామరాయలను అడిగితే ఒకటి, తపతీసంవరణోపాఖ్యానం అంకితమిచ్చిన అద్దంకి గంగాధర కవిని అడిగితే మరొకటి చెబుతారు. ఇక్కడ తమరు ఏమనబోతున్నారో నాకు అర్థమైంది. అందుకే ఆ సగం నీడ అంటారు. అనవద్దు. అది రాజుల సంగతి. వాళ్లకు తూర్పు ముఖం ఫ్లాటు సమస్య లేదు.

తమరు తెలుగులో కనిపించడం అరుదన్నది మరో బాధ. మాటలున్న పేజీలను అనువదించాలంటే ఖర్చు అవుతుంది, ఒప్పుకుంటాను. ఆ ఆరు పేజీల మౌనానికి అనువాదం అక్కరలేదు కదా, దానినైనా తెలుగులో ఉండనివ్వవచ్చు. బాపు గారు నాలుగు గీతల్లో ఒక బామ్మనూ, ఒక బాబాయినీ, వాళ్ల మధ్య ఉన్న పేచీనీ నల్లసిరాతోనే చూపించి, నవ్వించి పంపేవారు. ఏ కాపీ వెనుకా నిగ్రహం అని అచ్చు వేసుకోలేదు.

ఈ మధ్య అనుకోకుండా ఒక పరిష్కారం దొరికింది. అత్తయ్య మనవడికి ఆరేళ్లు. దుకాణంలోని కుర్రవాడి అభిప్రాయాన్నే వాడూ పంచుకున్నాడు. సోఫా వెనుక కూర్చుని, స్కెచ్‌పెన్నులతో తమరి 112వ పేజీకి రంగు వేశాడు. తండ్రి పోయిన రాత్రి అన్నదమ్ములిద్దరూ తాళాలగుత్తిని బల్ల మీద పెట్టుకుని, ఎవరూ ముట్టుకోకుండా కూర్చునే పేజీ అది. వాడు అన్న చొక్కాకు ఎరుపు వేశాడు, గీత దాటి కొంత చెవికి కూడా వేశాడు. తమ్ముడికి పసుపు. తాళాలగుత్తికి ఊదా, ఒక్కొక్క తాళంచెవికి విడివిడిగా, ఎంతో శ్రద్ధగా. పుస్తకం పాడైందని నేను కేక వేయబోతుంటే రెండు వాటాల వాళ్లూ వచ్చి చూశారు, మొదటిసారి తమరు చెప్పేదేమిటో అందరికీ అర్థమైంది. ఎరుపు కోపానికి గుర్తు కాబట్టి తప్పు అన్నదేనని నాన్న. ఎరుపు కుంకుమ రంగు కాబట్టి ఇంటికి శుభం అన్న వల్లేనని పెద్దనాన్న. ఆ రోజు వాళ్లిద్దరూ నా మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా ఒకరితో ఒకరు పది నిమిషాలు వాదించుకున్నారు. తమరి నలుపు తెలుపుల వల్ల కానిది ముప్పై రూపాయల స్కెచ్‌పెన్నుల పెట్టె సాధించింది.

కావున తదుపరి ముద్రణలో తమరు కనీసం మొదటి పేజీలోనైనా ఎవరిది తప్పో ఒక వాక్యంలో వ్రాయించవలెనని, కుదరని పక్షంలో ఇంటి కొలతలూ, సర్వే నంబరూ, వీలునామా నకలూ చివర జతపరచవలెనని కోరుచున్నాను. పాఠకులమే తేల్చుకుంటాము. పంపకాల దావాలో కోర్టు వారు కూడా ముందు ప్రాథమిక డిక్రీ ఇచ్చి, ఎవరి వాటా ఎంతో చెప్పి, ఆ తరువాతే కొలతలు వేయించి తుది డిక్రీ ఇస్తారు. తమరు ఆ ప్రాథమిక డిక్రీ కూడా ఇవ్వకుండా చివరి పేజీలో ఒక మూసిన తలుపు గీసి వెళ్లిపోయారు.

తమరి ప్రతి ప్రస్తుతం నా వద్ద లేదు. రెండు పక్షాలూ దానిని సాక్ష్యంగా తమ తమ వకీళ్లకు చూపించగోరడంతో, ముందుగా పెద్దనాన్న వకీలు గారి ఆఫీసుకు వెళ్లింది. నిన్న అక్కడి గుమాస్తా ఫోను చేసి, పుస్తకం పూర్తిగా చదివానని, ఫైలు మీద పేర్లు వ్రాయాలి కాబట్టి ఇందులో వాది ఎవరో ప్రతివాది ఎవరో చెప్పమని అడిగాడు. దయచేసి తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
వెనుక వాటా పాఠకుడు