రేసు రావాలి, రోడ్డు మిగలాలి

2025 సెప్టెంబర్ చివరి వారంలో రువాండా రాజధాని కిగాలీ బడులకు సెలవులిచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులను ఇంటి నుంచే పని చేసుకోమంది. ముఖ్యమైన రోడ్లను సైకిళ్లకు వదిలేసింది. ప్రపంచ రోడ్ సైక్లింగ్ చాంపియన్‌షిప్ ఆఫ్రికా గడ్డ మీద జరగడం అదే మొదటిసారి. పురుషుల రేసు 267.5 కిలోమీటర్లు. దారిలో ఎక్కాల్సిన ఎత్తులన్నీ కూడితే ఐదు వేల మీటర్లు దాటుతాయి. నూట అరవై మందికి పైగా బయల్దేరితే చివరి గీత దాటింది 30 మందే. స్లొవేనియాకు చెందిన టాడేయ్ పొగాచర్ వరుసగా రెండో ఏడాది గెలిచి, ప్రపంచ విజేత ఏడాది పొడవునా వేసుకునే ఇంద్రధనుస్సు జెర్సీని నిలబెట్టుకున్నాడు. గుట్టల మీద, గోడల మీద, మిద్దెల మీద నిలబడి జనం కేకలు పెట్టారు. ఇంటి ముందు నిలబడి చూసే ప్రపంచ పోటీ ఇది. టికెట్ ఉండదు.

అలాంటి పోటీ హైదరాబాద్‌కు రాగలదా? రాగలదనీ, రావాలనీ మేం నమ్ముతున్నాం. దక్కన్ పీఠభూమి రాతి గుట్టల మీద పెరిగిన నగరం ఇది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు తొక్కేవాళ్ల కాళ్లకు బాగా తెలుసు. గండిపేట, శంకర్‌పల్లి రోడ్ల మీద శని, ఆదివారాల్లో తెల్లవారకముందే సైకిళ్లు బారులు తీరతాయి. కాస్త దూరం వెళ్తే మూసీ పుట్టిన అనంతగిరి కొండలున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైకిల్ పందేల ట్రాక్ అయిన వెలోడ్రోమ్ ఉంది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఆసియన్ క్రీడలు నడిపిన అనుభవమూ నగరానికి ఉంది.

అయితే నేరుగా ప్రపంచ చాంపియన్‌షిప్‌కే దరఖాస్తు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే దాన్ని కొన్నేళ్లు పక్కన పెట్టమని చెబుతాం. కిగాలీకి ఆ పోటీ ఒక్క రాత్రిలో రాలేదు. టూర్ ఆఫ్ రువాండా అనే రేసు 1988లో దేశీయ పోటీగా మొదలైంది. 1994 మారణహోమం తర్వాత దేశాన్నే మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ఆ రేసు 2009లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య క్యాలెండర్‌లో చేరింది, తర్వాత మెట్టు మెట్టుగా స్థాయి పెంచుకుంది. 2026 ఆతిథ్యం దక్కిన మాంట్రియల్ కథా అంతే. కోవిడ్ ఏళ్లు మినహాయిస్తే 2010 నుంచి ఆ నగరం ఏటా తన గుట్ట చుట్టూ ఒక అంతర్జాతీయ రేసు నడుపుతోంది. ఏ మలుపు దగ్గర జనం గుమిగూడతారో, ఏ వీధి ఎంతసేపు మూయాలో అక్కడి పోలీసులకు, మున్సిపాలిటీకి కంఠతా వచ్చింది. మన దేశంలో పుణె 2026 జనవరిలో 437 కిలోమీటర్ల పుణె గ్రాండ్ టూర్‌తో ఆ దారిలో మొదటి అడుగు వేసింది. హైదరాబాద్ చేయాల్సిందీ అదే. చిన్నదైనా సరే, ఏటా అదే వారంలో జరిగే రేసు కావాలి.

ఏటా అన్న మాటను ఎందుకు పట్టుకుంటున్నామో ఈ నగరవాసులకు వివరించక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ‘ఫార్ములా ఈ’ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల సర్క్యూట్ కోసం ఎన్టీఆర్ మార్గ్, చుట్టుపక్కల రోడ్లు మూసేశారు. ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు ఆఫీసులకు వెళ్లేవాళ్లు గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. చెల్లింపుల వ్యవహారం కేసుల దాకా వెళ్లింది. అందులో తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి. ఆ రేసు వల్ల సామాన్యుడికి మిగిలిందేమిటి అన్నది మాత్రం మనం అడగాల్సిన ప్రశ్న. ప్రభుత్వం మారినా, మంత్రి మారినా ఆగని కార్యక్రమం అయితేనే నగరానికి దాని మీద హక్కు పుడుతుంది.

సైకిల్ రేసుకు ఇంకో పెద్ద లాభం ఉంది. అది రోడ్డును పరీక్షకు నిలబెడుతుంది. రేసు సైకిల్ టైరు వెడల్పు మూడు సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. దిగుడులో వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది. గాలి దెబ్బ తప్పించుకోవడానికి ఒకరి వెనక ఒకరు చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కుతారు. ముందువాడు ఒక గుంతలో పడితే వెనక ఇరవై మంది కూలతారు. అందుకే నిర్వాహకులు రోడ్డును అంగుళం అంగుళం చూస్తారు. డ్రైనేజీ మీద జాలీ కమ్మీలు రోడ్డు సాగే దిశలోనే ఉంటే చక్రం అందులో దిగబడుతుంది. కమ్మీలు అడ్డంగా ఉండాలి. మ్యాన్‌హోల్ మూత రోడ్డుకు సమంగా ఉండాలి. పైప్‌లైన్ కోసం తవ్వి పూడ్చిన చోట ప్యాచ్‌వర్క్ గట్టులా లేవకూడదు. స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు ఎప్పుడో ఇచ్చింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, చక్రం మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా వంపు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు దిమ్మెల్లో ఆ కొలతకు నిలిచేవి ఎన్ని ఉంటాయి?

ఇవన్నీ విదేశీ క్రీడాకారుడి కోసం అనుకుంటే పొరపాటు. అదే జాలీలో రోజూ చక్రం ఇరుక్కునేది తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడిది. వెనక క్యారియర్‌కు ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అమ్మేవాడిది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌ది. సైట్ మీద పని ముగించుకున్న మేస్త్రీది. 2011 జనగణన లెక్కలో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు మినహా దేశంలో పనికి వెళ్లేవాళ్లలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీద వెళ్లారు. వాళ్లను మన రోడ్ల డిజైన్ లెక్కలోకి తీసుకోలేదు. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కన్నా మనుషుల కదలికకే పెద్ద పీట వేయాలని చెప్పింది. ఆ తర్వాత మన నగరంలో ఎన్ని ఫ్లైఓవర్లు లేచాయో కళ్ల ముందే ఉంది. వాటి మీద సైకిల్ తొక్కే ధైర్యం ఎవరికుంది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. హెల్మెట్, లైటు, మెరిసే జాకెట్ కొనుక్కోలేనివాడే రోడ్డు అంచున అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మంచి నిర్మాణమే. నీడ ఉంది, కరెంటు పుడుతుంది, పిల్లలు భయం లేకుండా తొక్కుకోవచ్చు. దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కానీ అక్కడికి చేరాలంటే చాలామంది సైకిల్‌ను కారు మీద కట్టుకుని వెళ్లాల్సి వస్తోంది. మలక్‌పేట నుంచో మౌలాలి నుంచో సైకిల్ తొక్కుతూ వెళ్లి ఆ ట్రాక్ ఎక్కే దారి లేదు. నగరం నడుమ నుంచి అక్కడికి తీసుకెళ్లే క్షేమమైన రోడ్లు లేనంత కాలం అది వ్యాయామశాలగానే ఉండిపోతుంది.

రేసు కోసం రోడ్లు మూస్తే నగరం స్తంభించదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్ దాకా రోడ్లన్నీ ఊరేగింపులకు వదిలిపెట్టే నగరం ఇది. బోనాలకు, మొహర్రం ఊరేగింపుకు దారి మళ్లించడం మన పోలీసులకు కొట్టిన పిండి. ఆ రోజు తేదీ ముందే తెలుసు, దారి తెలుసు, ఏ ఆసుపత్రికి ఎటు నుంచి వెళ్లాలో తెలుసు. అందుకే జనం సర్దుకుంటారు. ‘ఫార్ములా ఈ’ రేసు సమయంలో చిరాకు పుట్టించింది మూసివేత కన్నా సమాచారం లేకపోవడమే. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేస్తే, తర్వాత చార్మినార్ దగ్గరా అదే చేస్తే, కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని ఎలా వచ్చాయో గుర్తుంది కదా. కొలంబియా రాజధాని బొగోటా 1974 నుంచి ఆదివారం ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా సుమారు 120 కిలోమీటర్ల రోడ్లను సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదిలేస్తోంది. మన ట్యాంక్‌బండ్ ఆదివారాన్ని ఏడాది పొడవునా మళ్లీ నడిపితే, రేసు రోజు జనానికి కొత్తగా అనిపించదు.

ఎప్పుడు పెట్టాలి? జనవరిలో. సెప్టెంబర్‌లో మన రోడ్లు వాన నీళ్లలో ఉంటాయి. సంక్రాంతి దాటాక ఉదయం చలి, పగలు హాయైన ఎండ, దూరం తొక్కడానికి అంతకు మించిన కాలం లేదు. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చే జనం ఉంటారు కాబట్టి ఆ వైపు మాత్రం దారి తప్పించాలి.

దారి విషయంలో మా పట్టుదల ఒకటుంది. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల మధ్య, దుర్గం చెరువు తీగల వంతెన మీద టీవీ దృశ్యాలు అందంగా వస్తాయి, సందేహం లేదు. కానీ రేసు చార్మినార్ నుంచి బయల్దేరాలి. పాతబస్తీ మీదుగా, ముషీరాబాద్ మీదుగా, సికింద్రాబాద్ మీదుగా వెళ్లాలి. ఏ రోడ్డు మీద రేసు వెళ్తుందో ఆ రోడ్డు బాగుపడుతుంది కనుక ఈ మాట గట్టిగా అంటున్నాం. పెళ్లికి ముందు వీధి వైపు గోడకే సున్నం వేసినట్టు పశ్చిమ హైదరాబాద్‌ను మాత్రమే మెరిపిస్తే, ఎక్కువ మంది సైకిల్ తొక్కే ప్రాంతాలకు ఒక్క జాలీ కూడా మారదు.

అమ్మాయిల రేసు అదే రోజు, అదే దారిలో, అదే ప్రైజ్ మనీతో జరగాలి. మహిళలకు ప్రపంచ రోడ్ టైటిల్ 1958 దాకా లేనే లేదు. 23 ఏళ్లలోపు అమ్మాయిలకు విడిగా రేసు పెట్టింది కిగాలీలోనే. మన ఇళ్లలో బడి చదువుతోనే ఆడపిల్ల సైకిల్ మూలపడుతుంది. రోడ్డు మీద భయం అందుకు ఒక కారణం. ఆ భయం పోగొట్టే బాధ్యత నిర్వాహకుల మీదా ఉంటుంది.

ప్రాణాల విషయంలో రాజీ పడరాదు. 2024లో జ్యూరిక్ ప్రపంచ పోటీల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన పద్దెనిమిదేళ్ల జూనియర్ రైడర్ వానలో అడవి దారిలో పడిపోయి, మరునాడు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె పడిన సంగతి చాలాసేపు ఎవరూ గమనించలేదు. మరుసటి ఏడాది కిగాలీలో ప్రతి సైకిల్‌కూ జీపీఎస్ ట్రాకర్ అమర్చారు. అంత ధనిక దేశంలో, అంత అనుభవం ఉన్న చోట జరిగిందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి? 2005లో 108 అంబులెన్స్ సేవ మొదలైన నగరం మనది. అనంతగిరి దిగుడులో ప్రతి మలుపు దగ్గరా మనిషి ఉండాలి, ప్రతి రైడర్‌కూ ట్రాకర్ ఉండాలి. ఆ ఖర్చు భరించలేమనుకుంటే రేసు పెట్టకపోవడమే మేలు.

డబ్బు లెక్క కూడా దాచకూడదు. పొరుగు దేశం కాంగోలోని సంఘర్షణలో రువాండా తన తీరు మార్చుకోకపోతే కిగాలీ పోటీలను రద్దు చేయాలని ఐరోపా పార్లమెంటు 2025 ఫిబ్రవరిలోనే కోరింది. పేరు కోసం పాలకులు క్రీడలను వాడుకుంటారన్న అనుమానం ప్రపంచమంతా ఉంది. మనకు ఆ మచ్చ రాకూడదంటే ఒప్పందం, చెల్లింపు, స్పాన్సర్ వివరాలు అన్నీ సంతకం పెట్టిన రోజే బయట పెట్టాలి.

ప్రభుత్వం ఈ ఏడాదే చేయగలిగిన పని ఒకటుంది. రేసు దారిని ఏడాది ముందు ప్రకటించి, ఆ దారిలోని ప్రతి వార్డులో మార్చాల్సిన జాలీలు, సరిచేయాల్సిన మ్యాన్‌హోల్ మూతలు, కొలత తప్పిన స్పీడ్ బ్రేకర్ల జాబితాను ఫొటోలతో సహా జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏది ఎప్పుడు బాగైందో అక్కడే తేదీ వేయాలి. రేసు అయిపోయిన ఆరు నెలలకు, వానాకాలం వచ్చాక, అదే జాబితా పట్టుకుని అదే రోడ్లను మళ్లీ తనిఖీ చేయాలి. ఆ తనిఖీకి పేపర్ కుర్రాళ్లను, చాయ్ అమ్మేవాళ్లను, వారాంతపు రైడర్లను పిలవాలి.