యానీ మూర్ కథలో టెక్సాస్ ఎందుకంత నచ్చింది?

1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం తెరిచినప్పుడు మొదట నమోదైన పేరు యానీ మూర్. ఐర్లండ్‌లోని కార్క్ పిల్ల. ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని నెవాడా ఓడ దిగితే, అధికారి చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టాడు. ఆ రోజే ఆమెకు 15వ పుట్టినరోజని పత్రికలు రాశాయి. నిజానికి అప్పటికే 17 నిండాయి. అంటే కథకు మెరుగులు మొదటి రోజే మొదలయ్యాయన్నమాట.

ఆ తర్వాత దశాబ్దాలపాటు అమెరికా వేరే మనిషిని నెత్తిన పెట్టుకుంది. యానీ పడమటికి వెళ్లిందని, టెక్సాస్‌లో స్థిరపడిందని, 1923లో ఫోర్ట్‌వర్త్ దగ్గర స్ట్రీట్‌కార్ గుద్ది చనిపోయిందని చెప్పుకున్నారు. ఆ కుటుంబాన్ని వేడుకలకు పిలిచి కూర్చోబెట్టారు. తీరా వంశచరిత్రలు తవ్వే మెగన్ స్మోలెన్యాక్ పాత జనాభా లెక్కలు తీస్తే, టెక్సాస్ యానీ పుట్టిందే ఇల్లినాయిస్‌లో! వలసే రాని మనిషి వలసకు గుర్తయి కూర్చుంది. అన్నేళ్లు ఎవరూ ఆ కాగితం తిరగేయలేదంటే, అలా వెళ్లి అలా బాగుపడే కథ అందరికీ అంత ఇష్టం కాబట్టే.

2006లో అసలు యానీ ఆచూకీ దొరికింది. తమ్ముడు ఫిలిప్ పౌరసత్వ పత్రం దారి చూపింది. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. ఓడ దిగిన ఊళ్లోనే, లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు వాటాల్లో బతుకు వెళ్లదీసింది. భర్త జోసెఫ్ షాయర్ జర్మన్ వలస కుటుంబం వాడు, ఫుల్టన్ చేపల మార్కెట్‌లో పని. 11 మంది పిల్లల్ని కంటే ఐదుగురే పెద్దవాళ్లయ్యారు. 1924లో, 50 ఏళ్లకే ఆమె గుండె ఆగింది. క్వీన్స్‌లోని కల్వరీ శ్మశానంలో ఆ సమాధికి 2008 దాకా రాయి కూడా లేదు.

చిహ్నానికి పేరు చాలు, ఇంత తవ్వకం దేనికి అనేవాళ్లున్నారు. పేరే చాలనుకుంటే వారసులను వెతికి సన్మానాలు చేయడం దేనికి? అసలు యానీ మనవలు, మునిమనవల తరాల్లో ఐరిష్‌తో పాటు యూదు, ఇటాలియన్, డొమినికన్ రక్తాలూ కలిశాయి. అమెరికా అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి కుటుంబం టెక్సాస్‌లో దొరుకుతుందా?

మనమేం తక్కువ తినలేదు. అమెరికా వెళ్లిన అబ్బాయి ప్యాకేజీ ఊరంతా తెలుస్తుంది. గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చిన కరీంనగర్ కూలీ పేరు మర్నాటికే మరిచిపోతాం. గెలిచినవాళ్లనే లెక్కేసి వలస లాభమని తేల్చేస్తున్నాం.

ఐర్లండ్‌లో ఆమె ఓడెక్కిన కోవ్ రేవులోనూ ఎల్లిస్ ఐలాండ్‌లోనూ యానీ విగ్రహాలున్నాయి. రెండు చోట్లా అప్పుడే ప్రయాణమైన చిన్నపిల్లే. మూడోది పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే లోయర్ ఈస్ట్ సైడ్‌లో పెట్టండి, నలభై దాటిన తల్లిగా.