చట్టం చదవకుండా పుట్టేస్తున్న శిశువులు

బ్రిటన్‌లో ఐరోపా వలస కుటుంబాలను పీడిస్తున్న పౌరసత్వ చిక్కులకు మూలం ఎక్కడుందని నిష్పాక్షికంగా విచారిస్తే, తప్పు వలసలు, పౌరసత్వ వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ అయిన హోం ఆఫీసుది కాదని, పార్లమెంటుది కాదని, పోలండ్ నుంచో రుమేనియా నుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చిన తల్లిదండ్రులది అసలే కాదని, అంతా ఆ శిశువుల స్వయంకృతమేనని తేలుతుంది. 1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం రహస్య పత్రమేమీ కాదు. చేతినిండా తొమ్మిది నెలల తీరిక ఉండి, వేరే వ్యాపకమంటూ ఏదీ లేకుండా, అందులోని మొదటి సెక్షనునైనా ఒకసారి తిరగేయక నేరుగా ప్రసూతి వార్డులో ప్రత్యక్షం కావడాన్ని బాధ్యతారాహిత్యమనక మరేమనాలి?

ఆ సెక్షను చెప్పేది చాలా తేలికైన సంగతి. 1983 జనవరి 1 నుంచి బ్రిటన్ గడ్డ మీద పుట్టినంత మాత్రాన ఎవరూ బ్రిటిష్ పౌరులు కారు. బిడ్డ పుట్టిన క్షణానికి తల్లి గాని తండ్రి గాని బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా ఆ దేశంలో స్థిరపడినవారై ఉండాలి. అంతకు ముందు కొన్ని శతాబ్దాల పాటు గడ్డే చాలింది. 1608లో కాల్విన్ కేసుగా పేరుపడ్డ దావాలో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టిన పసివాడికి ఇంగ్లండ్‌లో భూమి మీద హక్కు ఉంటుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, రాజు ఏలుబడిలో పుట్టినవాడు రాజు మనిషేనని న్యాయమూర్తులు తేల్చారు. అయితే ఆ పసివాడి ముందుచూపును మనం గుర్తించాలి. స్కాట్లండ్ రాజు జేమ్స్ 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాతే అతడు భూమ్మీద పడ్డాడు. నేటి శిశువుల్లో ఆ క్రమశిక్షణ కొరవడింది.

మన జిల్లాల్లో సిజేరియన్‌కు సైతం పంచాంగం చూపించి ముహూర్తం పెట్టించుకునే కుటుంబాలను చూసి నవ్వుకునే హేతువాదులు ఒక్కసారి లండన్ వైపు తల తిప్పి చూడాలి. బిడ్డ భవిష్యత్తును పుట్టిన తేదీని బట్టి నిర్ణయించడంలో హోం ఆఫీసు ఏ సిద్ధాంతికీ తీసిపోదు. ఒక ఫ్రెంచ్ నర్సు లండన్ ఆసుపత్రిలో పని చేస్తూ 2000 అక్టోబరు 1న ప్రసవించిందనుకుందాం. ఆ బిడ్డను బ్రిటిష్ పౌరుడిగానే లెక్కించారు. మర్నాడు ప్రసవించి ఉంటే అదే నర్సు, అదే ఆసుపత్రి, అదే మంచం, బిడ్డ మాత్రం పరాయివాడు. ఎందుకంటే అక్టోబరు 2న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చి, అంతవరకు స్థిరపడినవారిగా భావించిన ఐరోపా ఉద్యోగులు రాత్రికి రాత్రి అస్థిరులయ్యారు. ఆ నెలలోనే, గీత దాటిన కొద్ది రోజులకు పుట్టిన ఫ్రెంచ్ తల్లి కుమారుడొకరు కోర్టుకెక్కి 2023 జనవరిలో ఓడిపోయారు. ఆ వాదోపవాదాల నడుమ, గీతకు ముందు పుట్టినవారి పౌరసత్వానికైనా చట్టంలో సరైన ఆధారం ఉందా అన్న అనుమానం పుట్టుకొచ్చింది. పాస్‌పోర్టులు తీసుకుని, ఓట్లు వేసి, పన్నులు కట్టిన మనుషులు తాము నిజంగా తామేనా అని సందేహించుకోవలసి వచ్చింది. చివరకు పార్లమెంటు 2023 జూన్‌లో ఒక చిన్న చట్టం చేసి, ఇన్నాళ్లూ మావాళ్లని మేమనుకున్నవాళ్లు మావాళ్లేనని ధ్రువీకరించింది. దాని పేరులోనే ‘గత ఆచారాన్ని క్రమబద్ధం చేయడం’ అన్న మాట ఉంది. ఆక్రమిత స్థలాలను క్రమబద్ధం చేయడం ఎరిగిన మనకు, మనుషులను కూడా ఆ పద్ధతిలో క్రమబద్ధం చేయవచ్చని తోచకపోవడం మన పరిపాలనా వెనుకబాటుతనం.

స్థిరపడటం అంటే ఇల్లు కొనుక్కోవడమో, పిల్లలను బడిలో వేయడమో, పక్కింటివాళ్లతో వాన గురించి మాట్లాడటమో అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. 2006 తర్వాత ఐరోపా వలసదారు అయిదేళ్లు నిబంధనల ప్రకారం నివసిస్తే శాశ్వత నివాస హక్కు దానంతటదే దక్కేది. దానంతటదే దక్కిన ఆ హక్కును కాగితం మీద చూపించుకోవడానికి మాత్రం ఎనభై అయిదు పేజీల ఫారం ఒకటి నింపవలసి వచ్చేది. జీతం చీటీలు, కౌన్సిల్ పన్ను రసీదులు, అద్దె ఒప్పందాలు, ఏళ్ల తరబడి దేశం దాటిన ప్రతి ప్రయాణపు తేదీలు అన్నీ జత చేయాలి. చదువుకుంటున్నవారు, ఉద్యోగం మాని బిడ్డను పెంచుకుంటున్నవారు వీటికి తోడు సమగ్ర ఆరోగ్య బీమా చూపించాలి. ఆ తల్లికి పురుడు పోసింది, బిడ్డకు టీకాలు వేసింది ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్సే. అయితే అందులో ఉచితంగా వైద్యం అందడాన్ని బీమాగా హోం ఆఫీసు అంగీకరించేది కాదు. అది బీమా కిందికే వస్తుందని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 మార్చిలో తీర్పు చెప్పింది. ఆ మాట విని ఊరట చెందడానికి బ్రిటన్ ఆ యూనియన్‌లోనే లేదు. వెళ్లిపోయి అప్పటికే రెండేళ్లు దాటింది.

యూనియన్‌ను వీడే క్రమంలో వ్యవహారం చాలా సరళమైంది. అయిదేళ్లు నిండినవారికి ‘సెటిల్డ్’, అంటే స్థిరపడిన హోదా, నిండనివారికి ‘ప్రీ-సెటిల్డ్’ హోదా ఇచ్చారు. కార్డు లేదు, ముద్ర లేదు, అంతా కంప్యూటరులోనే. ఈ సరళత ఫలితాన్ని ఒక పోలిష్ కుటుంబం భోజనాల బల్ల దగ్గర చక్కగా చూడవచ్చు. తల్లిదండ్రులు వచ్చిన నాలుగో ఏట పుట్టిన పెద్దమ్మాయి పోలండ్ పౌరురాలు మాత్రమే; ఆరో ఏట, సెటిల్డ్ హోదా చేతికొచ్చాక పుట్టిన చిన్నవాడు పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. ఒకే గిన్నెలో సూపు తాగుతున్న ఇద్దరిలో ఒకరు వలసదారు, మరొకరు స్వదేశీయుడు. చిన్నవాడు చేసిన ఘనకార్యం ఆలస్యంగా పుట్టడం. పెద్దపిల్ల తొందరపాటుకు తగిన ఫలితం అనుభవిస్తోంది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లిన మన ఇళ్లలో కూడా అక్క ఒక పాస్‌పోర్టుతో, తమ్ముడు మరో పాస్‌పోర్టుతో విమానాశ్రయంలో వేర్వేరు వరుసల్లో నిలబడటం కద్దు. ఈ విషయంలో మాత్రం తూర్పు ఐరోపాకూ మనకూ చట్టం సమాన గౌరవం ఇచ్చిందని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఐరిష్ శిశువుల వివేకాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఐర్లండ్ పౌరులు బ్రిటన్‌లో అడుగుపెట్టిన రోజునుంచే స్థిరపడినవారిగా లెక్క. డబ్లిన్ దంపతులు సోమవారం ఓడ దిగి మంగళవారం బిడ్డను కంటే ఆ బిడ్డ బ్రిటిష్ పౌరుడే. కాబట్టి తల్లిదండ్రులను ఎంచుకునే ముందు శిశువులు పటం కాస్త జాగ్రత్తగా చూసుకుంటే సరిపోతుంది.

పెద్దపిల్ల విషయంలో చట్టం తలుపులు మూసేసిందని ఎవరైనా అంటే అది అపవాదు. తల్లిదండ్రుల్లో ఒకరు స్థిరపడ్డాక, పద్దెనిమిదేళ్లు నిండేలోగా ఆమెను బ్రిటిష్ పౌరురాలిగా నమోదు చేయించుకునే హక్కు ఉంది. హక్కు కాబట్టి దానికి కొంత రుసుము కూడా ఉంది. 1,012 పౌండ్లు వసూలు చేస్తున్న రోజుల్లో ఒక దరఖాస్తును పరిశీలించడానికి అయ్యే ఖర్చు 372 పౌండ్లని కోర్టులో బయటపడింది. మిగతా 640 పౌండ్లు వలస వ్యవస్థ పోషణకు ఆ పిల్లలు మనస్ఫూర్తిగా సమర్పించుకున్న కానుక అనుకోవాలి. ఇంత రుసుము పెట్టేటప్పుడు పిల్లల మేలు సంగతి ఆలోచించలేదని హైకోర్టు, దాని తర్వాత అప్పీలు కోర్టు తప్పుపట్టాయి. ఖర్చును మించి వసూలు చేసే అధికారం పార్లమెంటే ఇచ్చిందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ఏడాది జూన్ నుంచి, అంత సొమ్ము కట్టలేమని పత్రాలతో నిరూపించుకున్న కుటుంబాలకు మినహాయింపు దొరుకుతోంది. బిడ్డ పౌరసత్వం నిరూపించుకునే ముందు తండ్రి పేదరికం నిరూపించుకోవాలన్నమాట. మిగిలినవారి కోసం 2023 అక్టోబరులో రుసుమును 1,214 పౌండ్లకు పెంచారు. పాస్‌పోర్టు ఖర్చు వేరు.

తల్లిదండ్రులు ఎన్నటికీ స్థిరపడకపోయినా, బిడ్డ స్వయంకృషితో పైకి వచ్చే దారి కూడా ఒకటి ఉంది. బ్రిటన్‌లో పుట్టి మొదటి పదేళ్లూ అక్కడే పెరిగితే, ఏ ఏడాదీ తొంభై రోజులకు మించి దేశం బయట గడపకపోతే, నమోదుకు అర్హత వస్తుంది. పోలండ్‌లోని క్రకోవ్‌లో ఉన్న అమ్మమ్మ దగ్గర వేసవి సెలవులు, క్రిస్మస్, ఈస్టర్ అంటూ తిరిగే పిల్లలు ఉయ్యాలలోంచే రోజులు కూడుకోవడం నేర్చుకోవాలి. అధికారికి దయ కలిగితే కొన్ని రోజులు మన్నించవచ్చు గాని, దయను నమ్ముకుని టికెట్లు కొనడం మంచిది కాదు. అసలు సొగసు దీని తర్వాత ఉంది. పదేళ్లు నిండిన ప్రతి దరఖాస్తుదారుకూ సత్ప్రవర్తన ఉందని హోం మంత్రి సంతృప్తి చెందాలని ఆ జాతీయతా చట్టంలోని 41ఏ సెక్షను ఆదేశిస్తోంది. పదేళ్లు నిండితే గాని ఈ అర్హత రాదు. పదేళ్లు నిండిన నాడే సత్ప్రవర్తన పరీక్ష మొదలవుతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడి శీలం మీద రాజ్యానికి ఆసక్తి లేదు, కాని వాడికి ఈ దారిలో అర్హతా లేదు. పదో పుట్టినరోజు కేకు కోసిన మర్నాటి నుంచి వాడు హక్కుదారూ అవుతాడు, అనుమానితుడూ అవుతాడు. స్కాట్లండ్‌లోనైతే పన్నెండేళ్ల లోపు పిల్లవాడు ఏం చేసినా దాన్ని నేరంగా పరిగణించకూడదని అక్కడి చట్టం; అదే గ్లాస్గో పిల్లవాడు పౌరసత్వం అడిగితే మాత్రం పదేళ్లకే శీలవంతుడై ఉండాలి.

ఈ గందరగోళానికి నివారణగా నేనొక నిర్మాణాత్మక సూచన చేయదలచాను. పుట్టిన ప్రతి బిడ్డకూ ఎన్‌హెచ్‌ఎస్ ఒక ఎర్ర అట్ట పుస్తకం ఇస్తుంది. బరువు, పొడవు, టీకాలు అందులో నమోదు చేస్తారు. నివాసం రుజువు చేసుకోవడానికి కుటుంబాలు ఇప్పటికే దాన్ని పట్టుకుని తిరుగుతున్నాయి. కనుక అందులోనే నాన్న జీతం చీటీలు దాచుకోవడానికి ఒక జేబు, అమ్మమ్మ ఊళ్లో గడిపిన రోజులు వేసుకోవడానికి ఒక పట్టిక, పదేళ్ల పాటు వారం వారం ప్రవర్తన మీద పక్కింటివారి సంతకానికి కొన్ని పేజీలు చేర్చి, ప్రసవానికి ముందే గర్భస్థ శిశువు చేతికి అందజేయాలి. అచ్చు ఖర్చు పుస్తకానికి అయిదారు పౌండ్లు దాటకపోవచ్చు. ధర ఎంత పెట్టాలన్నది హోం ఆఫీసు చూసుకుంటుంది. అధికారం పార్లమెంటు ఎలాగూ ఇచ్చే ఉంది.