మా పడకగదికి సాగునీటి ప్రాజెక్టు హోదా ఇవ్వాలి

దేశంలో జైసల్మేర్ తర్వాత వాన మొహం అంత తక్కువగా చూసే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. ఏడాదంతా కలిపితే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వేరుశనగ విత్తేటప్పుడు రాదు, కాయ పీకేటప్పుడు వస్తుంది. అలాంటి అనంతపురంలో, ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, జూన్ నుంచి రోజూ రాత్రి పదకొండింటికి టైము తప్పకుండా వాన పడే చోటు ఒకటుందనీ, అది మా పడకగదేననీ ప్రభుత్వం దృష్టికి తెస్తున్నాను. ఒకప్పుడు మేఘమథనమని విమానాలు తిప్పారు. అంత ఖర్చెందుకు, ఓ టన్నున్నర ఏసీ, ఏడాదిగా కడగని ఫిల్టరూ చాలు.

గాలిలో ఉన్న తేమ ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కు తగిలి నీళ్లవుతుంది, ఆ నీళ్లు కింది ట్రేలో పడి పైపులోంచి బయటికి పోవాలి. మా పైపులో దుమ్మూ పాచీ కలిసి కట్టలు కట్టుకున్నాయి. ఇది చాలదన్నట్టు, కారే నీళ్లు కిందింటి వాళ్ల వడియాల మీద పడుతున్నాయని అసోసియేషన్ ఏకగ్రీవంగా తీర్మానించి, పైపు కొసను పైకి మడిచి తీగతో కట్టించింది. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలో నీళ్లు పైకెక్కుతున్నాయంటే అక్కడ పంపులున్నాయి. మా ఏసీకి లేవు.

ఇక బూజు. దానికి రెండు రోజుల తడి చాలు. మొదట గోడ మీద ఉమ్మడి అనంతపురం ఆకారంలో నల్ల మచ్చ వచ్చింది, తర్వాత 2022లో జిల్లా విడిపోయినట్టే బీరువా వెనక ఇంకోటి వేరుపడింది, దాని జిల్లా కేంద్రం మా ఆవిడ ధర్మవరం పట్టుచీరలు పెట్టుకునే అర. ఆ రోజు ఇంట్లో జరిగిన చర్చల వివరాలు ఇక్కడ రాయను.

మెకానిక్ వచ్చాడు. మూత కూడా తీయకుండానే "గ్యాస్ అయిపోయింది సార్" అన్నాడు. ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు కాదు కదా, వాడితే అయిపోవడానికి? తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు అది వెతకాలి. ఈ మాట అంటే నన్ను జాలిగా చూసి, నింపి, డబ్బులు తీసుకుని వెళ్లాడు. వాన ఆగలేదు.

ఓనర్‌గారిది ఇంకో సిద్ధాంతం. "మీరు కిటికీలు తెరవరప్పా, అందుకే. ఒక కోటింగ్ కొట్టిస్తా, సరిపోతుంది." కొట్టించారు. రెండు వారాల పాటు బూజు ఆ కొత్త దుప్పటి కింద హాయిగా పడుకుని, పెయింటును పొట్టులా ఊడదీసుకుని బయటికొచ్చింది.

చివరికి తీగ నేనే కోసేశాను. పైపు ఊదించి, ఫిల్టర్ కడిగి, నానిపోయిన సీలింగ్ జిప్సం ముక్కను కోసి పారేశాం, ఎందుకంటే దానికి లోపలి దాకా పట్టిన బూజు పైపైన తుడిస్తే పోదు. మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచే చేశాం. ఎదురింటాయన బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూమ్ యాసిడ్ కలిపి కొట్టమన్నాడు. ఇక్కడ మాత్రం వేళాకోళం లేదు, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, అస్సలు కలపొద్దు.

బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే ముసలమ్మ ప్రాణమిచ్చి కట్టను నిలబెట్టిందని మా వైపు చెప్పుకుంటారు. మా గండికి అంత త్యాగం అడగలేదు, అద్దె అడ్వాన్సుతో సరిపెట్టారు. "గోడ పాడుచేసినందుకు" అని ఓనర్‌గారు కాగితం మీద రాసి మరీ కోసుకున్నారు.

ప్రస్తుతం బాల్కనీలో పైపు కింద బకెట్ పెట్టాం, తెల్లారేసరికి పావు వంతు నిండుతోంది. పైఇంటావిడ తన కనకాంబరాలకు కావాలంటోంది. కిందింటి వాళ్లేమో మొదట ఆ నీళ్లు పడింది మా వడియాల మీద కాబట్టి మొదటి హక్కు మాదేనంటున్నారు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది.